ట్యాంకు కింద ఇడ్లీ స్టాండు

రాధాకృష్ణమూర్తిగారి మీద బాలత్రిపురసుందరికి ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన ఎప్పుడూ తప్పు చేయరు.

తాగుడు లేదు, పేకాట లేదు, కోపమొస్తే కంచం విసిరికొట్టడం లేదు. అలాంటి మామూలు లోపాలుంటే ఏ ఆడదైనా సర్దుకుపోతుంది. తప్పే చేయని మనిషితో కాపరం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది. వేటపాలెంలో పెళ్ళికని బయల్దేరి ప్రత్తిపాడులో బస్సు దిగిపోయిన రోజున తప్పు కండక్టరుది. వాడు ఊరి పేరు అంత గట్టిగా అరవకపోతే ఈయన దిగేవారే కారు. పట్టుచీర తీసుకెళ్ళి వాషింగ్ మెషీన్లో పడేసిన రోజున తప్పు చీరది. అది మడతపెట్టి ఉంటే అచ్చం దుప్పటిలా ఉంది మరి. పెళ్ళై ఇరవయ్యేళ్ళు దాటాక సుందరికి ఒక సంగతి ఖాయమైంది: ఈయన జాతకం వేసిన పంతులు తప్పులన్నిటినీ పక్కవాళ్ళ గళ్ళలో వేసేశాడు.

బయట మాత్రం ఆయనది మంచి పేరు. యూనివర్సిటీలో నగర పర్యావరణ కేంద్రానికి డైరెక్టరు. ఊళ్ళో ఎండ ఎక్కడ మండుతోంది, వాన నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయి, ఏ వీధికి ఏం చేస్తే అక్కడి జనం ఎండకీ వానకీ తట్టుకుని నిలబడతారు, ఇవన్నీ లెక్కగట్టి చెప్పడం ఆ కేంద్రం పని. మంచి పనే. సుందరి బోటనీలో బీయస్సీ చేసింది కనుక ఆయన ఇంటికొచ్చి చెప్పేదంతా ఆమెకు అర్థమయ్యేది. అర్థమైనట్టు కనపడితే ఇంకో గంట చెబుతారని భయపడి, పప్పులో తిరగమోత పెట్టాలంటూ లేచిపోయేది.

వాళ్ళ ఇల్లు గుంటూరులో పాత మిర్చి గోడౌన్ల వెనక వీధిలో ఉంది. వీధి మొదటినుంచి ముప్పాతిక దాకా అటూ ఇటూ కానుగ చెట్లు. ఆ నీడన పొద్దున్నే ఆడవాళ్ళు గోనెపట్టాలు పరుచుకుని మిరపకాయల తొడిమలు తీయడానికి కూర్చుంటారు. గోడౌను నుంచి బస్తాలు వస్తాయి, తొడిమ తీసిన కాయలు మళ్ళీ గోడౌనుకు పోతాయి. ఆ పనికని యజమానులు వీధి చివర రేకుల షెడ్డు ఒకటి వేయించారు గానీ, ఎండాకాలం ఆ రేకుల కింద కూర్చుంటే కాయా మనిషీ కలిసి ఎండుతారు. కిందటి వైశాఖంలో నస్రత్ అనే పిల్ల అందులోనే కళ్ళు తిరిగి పడిపోయింది. ఆస్పత్రినుంచి తిరిగొచ్చాక ఆమె అత్త కరీమున్ పట్టాలన్నీ చుట్టి చంకన పెట్టుకుని, "ఇంక ఆ పొయ్యిలోకి నేను రాను, నా వాళ్ళనీ రానివ్వను, కావాలంటే బస్తాలు చెట్టుకిందకి పంపుకోండి" అని చెప్పి వచ్చేసింది. గోడౌను వాళ్ళు నాలుగు రోజులు బిగుసుకుని, అయిదో రోజు పంపారు.

కరీమున్ ఇల్లు సుందరి ఇంటికి ఎదురే. చెట్లు లేని వీధి చివర రెబ్కా ఇల్లు. ఆమె మిషన్ స్కూల్లో టీచరు. ఈ వీధిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు మిరప ఘాటుకు తుమ్ముతారు, పాతవాళ్ళు తుమ్మరు. ఈ ముగ్గురూ తుమ్మడం మానేసి చాలా కాలమైంది.

కిందటి ఏడాది ఎండలు ముదరకముందు కేంద్రం వాళ్ళు ఊరంతటితోపాటు ఈ వీధిలోనూ డాబాలెక్కి తెల్లటి పరికరాలు పెట్టారు. సిమెంటు దిమ్మలో పాతిన పొట్టి కడ్డీ, దాని మీద ఒకదానిపై ఒకటి బోర్లించిన తెల్లటి పళ్ళేలు, లోపలెక్కడో ఎండ ఎంతో కొలిచే గుండీ అంత యంత్రం. కొలిచిందల్లా నేరుగా మూర్తిగారి ఫోనుకు వెళ్తుంది. దాని అసలు పేరు చాలా పెద్దది. చూసిన మొదటి రోజే కరీమున్ దానికి "ఇడ్లీ స్టాండు" అని పేరు పెట్టేసింది.

మూర్తిగారు తమ డాబా మీద స్టాండును స్వయంగా, గజంబద్దతో కొలిచి మరీ, నట్టనడుమ నిలబెట్టారు. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి కుంగేదాకా ఎండ తగిలే చోటు అదే. వీధివాళ్ళందరినీ పోగేసి, దీన్నెవరూ ముట్టుకోకూడదని చెప్పారు. ఎందుకు ముట్టుకోకూడదో చెప్పారు. ముట్టుకుంటే దేశానికి జరిగే నష్టమేమిటో కూడా చెప్పారు. వేసవిలో డాబా మీద మీరేం చేసుకుంటారమ్మా అని మాత్రం అడగలేదు.

చైత్రం వచ్చింది. సుందరి గుమ్మడికాయ కోసింది, మినప్పిండి రుబ్బింది, పాత పంచె తడిపి భుజాన వేసుకుని డాబా ఎక్కింది. నట్టనడుమ ఇడ్లీ స్టాండు నిలబడి ఉంది. పొద్దస్తమానం ఎండ తగిలే చోటు శాస్త్రానికీ కావాలి, వడియాలకీ కావాలి. శాస్త్రాన్ని ఎండబెట్టి నేతిలో వేయించుకు తినలేం కదా అనుకుని, ఆమె స్టాండును నీళ్ళ ట్యాంకు కిందికి జరిపింది. ముట్టుకోవద్దన్నారు గనక తుండుగుడ్డతో పట్టుకుంది. ఆయన మాట ఆమె ఎప్పుడూ జవదాటలేదు.

అవతలి డాబా మీంచి కరీమున్ ఇదంతా చూసింది. డైరెక్టరుగారి భార్యే జరిపిందంటే జరపొచ్చన్నమాట. ఆమె తన స్టాండును పిట్టగోడ దగ్గరికి లాగి, ఆ కడ్డీకి తాడు కట్టి, తడి దుప్పట్లు ఆరేసింది. రెబ్కా ఇంటి దగ్గర కోతులు పళ్ళేలు ఊడబీకుతుంటే, విలువైన వస్తువు పాడవుతుందన్న మంచి బుద్ధితోనే ఆమె దాన్ని మెట్ల గదిలో క్రిస్మస్ స్టారు పక్కన భద్రంగా దాచింది. తక్కినవాళ్ళు ఎవరి అవసరానికి వాళ్ళు సర్దుకున్నారు. ఎవరికీ దొంగతనం చేసినట్టు అనిపించలేదు. డాబా మీద అడ్డంగా ఉన్నదాన్ని పక్కకు జరపడం, గుమ్మంలో చెప్పులు పక్కకు జరపడం లాంటిదే.

మళ్ళీ చైత్రం వచ్చేసరికి రిపోర్టు వచ్చింది.

"సుందరీ, ఇలా రా! ఊరంతా చూడు, ఎలా ఉందో!" అని మూర్తిగారు లాప్‌టాప్ ముందు కూర్చుని కేకేశారు. తెర మీద గుంటూరు మొత్తం యార్డులో మిరప రాశులు పోసినట్టు ఎర్రగా ఉంది. నడుమ ఒక్క సన్నటి గీత మాత్రం నీలంగా ఉంది.

"ఏదైనా కాలువా?"

"కాలువ కాదు, మన వీధి! ఊళ్ళోకెల్లా చల్లని వీధి మనదే. దీని మీద ఇతర రాష్ట్రాలనుంచి కూడా ఫోన్లు వస్తున్నాయి. గుంటూరు నమూనా అంటున్నారు."

అప్పుడు కరెంటు లేదు. సుందరి వార్తాపత్రికతో విసురుకుంటోంది. మెడమీద చెమట జాకెట్టులోకి జారుతోంది.

"ఈ చల్లదనమేనా మీరనేది?"

"అది నీ ఫీలింగు. ఇది డేటా."

నీలం గీతకేసి చూస్తుంటే ఆమె కళ్ళముందు ట్యాంకు కింద కారుతున్న నీళ్ళు కదలాడాయి. "ఏమండీ, ఆ ఇడ్లీ స్టాండు సంగతి..." అని మొదలుపెట్టింది. ఆయన ఒక వేలు పైకెత్తారు. ఫోను మోగింది. అవతలివాళ్ళు హిందీలో అభినందిస్తున్నారు.

తర్వాత వారం వీధిలో చెట్ల మొదళ్ళకు ఎర్ర రంగుతో గుర్తులు పడ్డాయి.

"ఏందయ్యా, చెట్లకి బొట్లు పెడతన్నావు? పెళ్ళి చేస్తావా ఏంది?" కరీమున్ గోనెపట్టా మీంచి లేవకుండానే అరిచింది. రంగు డబ్బా మోస్తున్న పనివాడు వెనక్కి తిరిగి, టేపు పట్టుకున్న మనిషిని చూపించాడు. ఆయన పేరు రామకాంత్. రోడ్డు వెడల్పు ప్రాజెక్టుకు ఇంజనీరు. మర్యాదస్తుడే గానీ, వచ్చిన దగ్గర్నుంచీ వరసపెట్టి తుమ్ముతున్నాడు.

సుందరి గేటు తీసుకుని బయటికొచ్చింది. "ఏమిటండీ ఇది?"

"గోడౌన్లకు లారీలు రావాలి కదమ్మా, రోడ్డు పెరుగుతోంది. నిజం చెప్పొద్దూ, ముందు ఈ చెట్లని వదిలేసి పక్కనుంచి వేద్దామనే అనుకున్నాం. హాచ్! యూనివర్సిటీ రిపోర్టు వచ్చింది. ఈ వీధికి నీడ అవసరం లేదని రాశారు."

"చల్లగా ఉందంటే అది ఈ చెట్ల చలవే కదా?"

"అదే నేనూ అనుకున్నానమ్మా. కానీ చెట్లు లేని ఆ చివర కూడా ఇంతే చల్లగా ఉందట. అంటే ఈ చల్లదనం చెట్ల వల్ల కాదట. గోడౌన్ల గోడలు ఎత్తుగా ఉన్నాయి కాబట్టి నడుమ గాలి ఆడుతోందట. హాచ్! కింద మీవారి సంతకమే ఉంది."

చెట్లు లేని ఆ చివర అంటే రెబ్కా ఇల్లు. మెట్ల గది. క్రిస్మస్ స్టారు. సుందరికి నవ్వొచ్చింది, ఆ నవ్వు సగంలోనే చచ్చిపోయింది. నస్రత్ అక్కడే కూర్చుని తలొంచుకుని తొడిమలు తీస్తోంది.

"మరి మమ్మల్ని యాడ కూర్చోమంటారు?" కరీమున్ అడిగింది.

"షెడ్డుందిగా అమ్మా."

కరీమున్ ఒక మిరపకాయ తీసి, తొడిమ తుంచి, దాన్ని ఇంజనీరు చెప్పు మీద పడేటట్టు విసిరింది.

ఆ సాయంత్రం సుందరి కాఫీ ఇస్తూ చెప్పేసింది. చల్లారబెట్టి చెప్పే అలవాటు ఆమెకు లేదు.

"ఇడ్లీ స్టాండు నేను ట్యాంకు కిందికి జరిపాను. కిందటి చైత్రంలో. ఇప్పటికీ అక్కడే ఉంది."

మూర్తిగారు గ్లాసు కింద పెట్టారు. "దేనికి?"

"వడియాలకి."

"వడియాలకా! దేశంలో పేరున్న ప్రాజెక్టును వడియాల కోసం..."

"మీరు తిన్నారుగా. కిందటేడు వడియాలు బ్రహ్మాండంగా ఎండాయి అన్నారు కూడా."

"చూశావా, చెయ్యాల్సిన తప్పంతా చేసి..."

"సరే, నాదే అనండి. వీధిలో అందరిదీ అనండి. కరీమున్ దాని మీద తడిగుడ్డలారేసింది, రెబ్కా గదిలో పెట్టి తలుపేసింది. ఎవరిదైనా కానివ్వండి గానీ, ముందు ఆ రిపోర్టు వెనక్కి తీసుకోండి. చెట్లు కొట్టేస్తున్నారు."

ఆయన లేచి అటూ ఇటూ నడిచారు. ఇంత పెద్ద అధ్యయనంలో ఒకటీ అరా పరికరం పక్కకు జరిగినంత మాత్రాన ఏమీ కాదన్నారు. ఏ పరికరమైనా తప్పు చెబితే తమ సిస్టమ్ దాన్ని వెంటనే పట్టేసి పక్కన పెట్టేస్తుందన్నారు. పట్టలేదంటేనే లెక్క సరిగ్గా ఉందని అర్థమన్నారు. వచ్చే ఏడాది ఇంకోసారి కొలుద్దామన్నారు.

"వచ్చే ఏటికి ఆ చెట్లు ఏ టింబర్ డిపోలోనో ఉంటాయి. అక్కడికెళ్ళి కొలుస్తారా?"

"సుందరీ, నీకు తెలీదు. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే కేంద్రం పరువేం కాను?"

అదీ అసలు మాట. ఆమెకు తెలుసు. ఆ కేంద్రం ఆయన ఊరికే సంపాదించింది కాదు. మే నెల మధ్యాహ్నాలు సందుసందూ తిరిగి, ఒకసారి వడదెబ్బ తగిలి పడకేసిన మనిషి. అప్పుడు మజ్జిగ పట్టింది తనే. ఆయన పేరు నలుగురిలో పోతే తన మనసేం సంతోషించదు. కానీ రేపు మళ్ళీ ఆ షెడ్డులో కూర్చోవాల్సొస్తే నస్రత్‌కు మజ్జిగ ఎవరు పడతారు? ఎన్నిసార్లు పడతారు?

మర్నాడు ఆయన కేంద్రానికి వెళ్ళాక సుందరి డాబా ఎక్కి, సిమెంటు దిమ్మలోంచి కడ్డీ ఊడబీకి, ఇడ్లీ స్టాండును కిందికి తెచ్చింది. ఫ్రిజ్ తెరిచింది. పెరుగు గిన్నె కాస్త లోపలికి నెట్టి, కొత్తిమీర కట్ట పక్కన దాన్ని నిలబెట్టి, తలుపు మూసి, ఊరగాయకు జాడీలు తుడుచుకుంటూ కూర్చుంది.

పన్నెండు దాటాక ఫోను మోగింది. "సుందరీ, డాబా మీద ఏమైనా జరిగిందా?"

"అప్పడాలు ఎండుతున్నాయండీ. ఏం?"

"ఏం లేదులే."

సాయంత్రం ఆయన ఎన్నాళ్ళో లేనంత హుషారుగా ఇంట్లోకి వచ్చారు. "నేను చెప్పలేదూ? ఇవాళ మన డాబా మీది పరికరం చెడిపోయింది. ఇంత మండుటెండలో కులూ మనాలిలో ఉన్నట్టు చూపించింది. మా సిస్టమ్ దాన్ని వెంటనే పట్టేసి, లెక్కలోంచి తీసేసింది. అదీ మా పని. అబద్ధం మా దగ్గర నిలవదు."

"దాహంగా ఉన్నట్టున్నారు. మంచినీళ్ళు తాగండి."

ఆయన ఫ్రిజ్ తెరిచారు.

చాలాసేపు తలుపు అలాగే తెరిచి ఉంది. ఫ్రిజ్ గుర్రుమని మొదలైంది. ఆయన చేయి నీళ్ళ సీసా మీద పడింది గానీ, పైకి లేవలేదు.

"ఫ్రిజ్‌లో పెడితే మీ సిస్టమ్ నమ్మలేదు," అంది సుందరి జాడీ తుడవడం ఆపకుండా. "ట్యాంకు కింద పెడితే ఏడాదంతా నమ్మింది. రెండూ అబద్ధమే కదా, ఒకదాన్నెందుకు నమ్మిందంటారు? ఆ రెండోది మీకు నచ్చిందండీ. మన వీధి నీలంగా కనపడితే మీకు ముద్దొచ్చింది."

ఆయన సీసా తీసుకుని, తాగి, మూత బిగించి, లోపల పెట్టి, తలుపు మెల్లగా మూశారు.

"ఫ్రిజ్ బాగానే పనిచేస్తోంది," అన్నారు.

కాబట్టి తప్పు ఫ్రిజ్‌ది కూడా కాదన్నమాట.

చెట్లు కొట్టే ముందు వీధివాళ్ళ అభిప్రాయం వినాలని నిబంధన ఉంది. అందుకని సోమవారం ఒక ఫంక్షన్ హాల్లో మీటింగు పెట్టారు. వేదిక మీద మూర్తిగారు కూడా కూర్చోవాలి. ఆదివారం మధ్యాహ్నం కరీమున్ చెట్టు కింద సుందరిని పక్కన కూర్చోబెట్టుకుంది.

"అక్కా, రేపు నువ్వు లేచి మాట్లాడతావంట. రెబ్కమ్మ చెప్పింది. వద్దు. మేం మాట్లాడతాంలే. మాకేం పోయింది? నీకు ఆయనతో కాపరం."

"కాపరానికేం కరీమూ, దానికి అలవాటే."

"ఎగతాళి కాదక్కా. నలుగురిలో మొగుణ్ణి నిలబెట్టి అడిగితే ఆయన మనసులో ఉండిపోద్ది."

సుందరి ఒక మిరపకాయ అందుకుని తొడిమ తుంచింది. వేళ్ళు కాసేపట్లో మండుతాయని తెలుసు. "మీరు అడిగితే ఏమంటారో తెలుసా? చదువుకోలేదు, వాళ్ళకు డేటా అంటే ఏం తెలుసు అంటారు. రెబ్కా అడిగితే పంతులమ్మ, ఊరికే వాదిస్తుంది అంటారు. నన్ను అలా తోసిపారెయ్యడం కుదరదు. నేను ఆయన డాబా మీదే జరిపాను, ఆయన స్టాండునే జరిపాను, ఆయనకే వేయించి పెట్టాను."

కరీమున్ పకపకా నవ్వి, "అయితే అందరం మోసుకొద్దాం," అంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర సుందరి ఆయనకు కూడా చెప్పింది. దాచిపెట్టి దెబ్బ తీయడం ఆమెకు ఇష్టం లేదు.

"రేపు నేను మాట్లాడతాను."

"నా భార్యవై ఉండీనా?"

"మీ భార్యనై ఉండబట్టే ముందుగా చెబుతున్నాను. మజ్జిగ పోయనా?"

సోమవారం ఫంక్షన్ హాల్లో ఏసీ చలికి పూలదండలు కూడా వణుకుతున్నాయి. గుమ్మం దగ్గర కాపలా మనిషి ఆడవాళ్ళను ఆపాడు. ఒక్కొక్కరి చంకనా ఒక్కో తెల్లటి వస్తువు.

"ఏంటమ్మా ఇవి?"

"ఇడ్లీ స్టాండ్లు," అంది కరీమున్.

"టిఫిన్లు మేమే పెడుతున్నాం కదమ్మా!"

"మీ టిఫిను మాకు సరిపోదులే అబ్బాయ్, తప్పుకో."

పొద్దుట్నుంచి తొడిమలు తీసి తీసి వచ్చిన చీరలవి. వాళ్ళు వరసగా నడిచి ముందు కుర్చీల్లో కూర్చోగానే వేదిక మీద తుమ్ములు మొదలయ్యాయి. మొదట రామకాంత్, ఆయన పక్కన ఎవరో పెద్దమనిషి, ఆయన వెనక ఫోటోలు తీసేవాడు. తుమ్మని మనిషి వేదిక మీద ఒక్క మూర్తిగారే. ఆయన ఆ వీధి మనిషే మరి.

రామకాంత్ ముక్కు తుడుచుకుంటూ రోడ్డు గురించి చెప్పాడు. రిపోర్టు చదివాడు. ఇది ఊళ్ళోకెల్లా చల్లని వీధి అనే వాక్యం దగ్గరికి రాగానే కరీమున్ లేచింది.

"అంత చల్లగా ఉంటే ఈ మీటింగు ఆడనే పెట్టుకోకపోయారా? ఈ ఏసీ హాలెందుకు బాబూ? రండి, మిట్టమధ్యాహ్నం మా షెడ్డులో ఒక పట్టా పరుస్తా. ఒక్క బస్తా తొడిమలు తీసి లేవండి. లేస్తే అప్పుడు చెట్లు కొట్టుకోండి."

చప్పట్లు పడ్డాయి. పెద్దమనిషి చెయ్యెత్తి, "భావోద్వేగాలు వద్దమ్మా, ఇది శాస్త్రం," అన్నాడు.

అప్పుడు సుందరి లేచింది. వేదిక దాకా నడిచి, తన ఇడ్లీ స్టాండును బల్ల మీద, సరిగ్గా మూర్తిగారి మంచినీళ్ళ గ్లాసు పక్కన పెట్టింది. ఆమె వెనకే తక్కిన ఆడవాళ్ళు ఒక్కొక్కరూ వచ్చి పెట్టారు. బల్ల నిండిపోయింది.

"శాస్త్రం ఇదేనండీ," అంది. "ఇది మా ఇంట్లో ఏడాదిగా ట్యాంకు కింద ఉంది. అది కరీమున్‌ది, తడి దుప్పటి కింద ఉంది. ఇది రెబ్కాగారిది, మెట్ల గదిలో తలుపేసి ఉంది. చెట్లు లేనిచోట కూడా చల్లగా ఉందని మీరు చదివారే, అది ఆ మెట్ల గది చల్లదనం. మీరు కొలిచింది వీధిని కాదు."

రెబ్కా లేచి నిలబడింది. "అవునండీ. దేవుని సాక్షిగా నేనే పెట్టాను."

పెద్దమనిషి ముఖం ముడుచుకుంది. "అంటే మీరంతా కలిసి పరికరాలు కదిల్చారా? అది నేరం కాదా? ముందు మీరు క్షమాపణ చెప్పాలి."

"చెప్పం," అంది సుందరి.

తన గొంతు అంత గట్టిగా వస్తుందని ఆమె కూడా అనుకోలేదు.

"మా డాబాలు మాకు వేసవిలో వంటిల్లు, పెరడు, దండెం. అక్కడికొచ్చి నట్టనడుమ ఒకటి పాతి, ముట్టుకోవద్దని చెప్పి వెళ్ళిపోతే, మేం ఏడాదంతా వడియాలు మానెయ్యాలా? గుడ్డలు తడిగానే కట్టుకోవాలా? ఒక్కరు, ఒక్కసారి, మెట్లెక్కి చూసి ఉంటే తెలిసేది. కొలవడానికి వచ్చినవాళ్ళు మళ్ళీ చూడ్డానికి రాలేదు. కావాలంటే ఇవాళే పట్టుకెళ్ళి మళ్ళీ పెట్టండి, ఎక్కడ పెట్టాలో మేం చూపిస్తాం, దగ్గరుండి కాపలా కాస్తాం. ఈసారి వడియాలు పిట్టగోడ మీద పెట్టుకుంటాం. కానీ దీని పేరు చెప్పి ఒక్క కొమ్మ విరగ్గొట్టినా ఊరుకోం. చెట్టుకొకరం పట్టాలు పరుచుకుని కూర్చుంటాం. లారీ మా మీంచి పోనివ్వండి."

ఈసారి చప్పట్లు పడలేదు. ముందు వరసలో నస్రత్ లేచి నిలబడింది. ఆమెను చూసి పక్కామె, ఆమెను చూసి వెనకామె. వరసలు వరసలే లేచాయి.

రామకాంత్ చేతిరుమాలు మడత పెట్టాడు. "అమ్మా, నాకు చెట్లు కొట్టాలని సరదా ఏం కాదు. కానీ నా చేతిలో ఉన్నది ఈ రిపోర్టు. డైరెక్టరుగారు దీన్ని వెనక్కి తీసుకుంటే నేను ఇవాళే పని ఆపేస్తాను, పక్కనుంచే రోడ్డు వేయమని రాస్తాను. ఆయన తీసుకోకపోతే నేను ఆపలేను."

హాలంతా మూర్తిగారి వైపు తిరిగింది.

ఆయన ఇడ్లీ స్టాండు వైపు చూస్తున్నారు. రెండు పళ్ళేల నడుమ ఏదో ఇరుక్కుని ఉంది. ఆయన గోటితో గీకి బయటికి తీశారు. ఎండి గట్టిపడిన గుమ్మడి వడియం ముక్క. దాన్ని వేళ్ళ మధ్య తిప్పుతూ సుందరి ముఖంలోకి చూశారు. ఆమె చూపు తిప్పుకోలేదు. ప్రత్తిపాడు బస్టాండులో పట్టుచీర కట్టుకుని, ఎర్రటి ఎండలో పెట్టె మీద కూర్చుని కూడా ఆమె ఇలాగే చూసింది.

ఆయన లేచి నిలబడ్డారు. పెదవులు కదిలాయి. మొదటి వరసకు కూడా ఏమీ వినపడలేదు.

"సార్," అంది రెబ్కా, క్లాసులో చివరి బెంచీవాళ్ళతో మాట్లాడే గొంతుతో. "వినపడలేదండీ. మైకు ఆన్ చెయ్యలేదు."

మూర్తిగారు మైకు వంక చిరాగ్గా చూశారు. "ఈ మైకు..." అని మొదలుపెట్టారు.

సుందరి కనుబొమ్మ ఒకటి, చాలా కొంచెం, పైకి లేచింది.

ఆయన ఆగారు. వడియం ముక్కను జేబులో వేసుకున్నారు. వంగి మైకు మీట నొక్కి, రెండుసార్లు తట్టి చూసి, గొంతు సవరించుకున్నారు.

"మైకు తప్పేం లేదు," అన్నారు. ఆ మాట హాలు చివరి గోడకు తగిలి తిరిగొచ్చింది. "వీళ్ళ తప్పూ లేదు. ఆ డాబాల మీద ఏం చేసుకుంటారని నేను అడగలేదు, పెట్టాక మళ్ళీ ఎక్కి చూడలేదు. రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నాను. తప్పు నాది."